గేటు ముందు సుకుమారి

దేవుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. మా ఇంట్లోనే, కింది వాటాలో అద్దెకుంటోంది. పేరు సుకుమారి. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ మనిషిని చూసి పెట్టలేదు. పొయ్యి మీద ఉడుకుతున్న గిన్నెని గుడ్డ లేకుండా వట్టి చేత్తో దించే రకం.

నా పేరు కమలాకుమారి. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా ఆయన భీమశంకరంగారికి ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో ముప్పై ఎనిమిదేళ్ళ కిందట వచ్చి పటేల్‌గూడలో పడ్డాం. ఆయన రిటైరయ్యాక పైన ఇంకో అంతస్తు వేసుకుని మేం పైకి మారి, కింది వాటా సత్యరాజు, సుకుమారి దంపతులకిచ్చాం. తొమ్మిదేళ్ళుగా ఉంటున్నారు. మెదక్ వైపు వాళ్ళు, మూడు తరాలుగా క్రైస్తవులు. ఒక్కతే కూతురు ఏంజెలిన్, సంగారెడ్డిలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. నా సంగతంటారా, మంగళవారం ఆంజనేయస్వామికి, శుక్రవారం అమ్మవారికి దీపం పెట్టి, మిగతా రోజులు ఎవర్నీ ఇబ్బంది పెట్టని మనిషిని. కోరిక కోరుకున్నా ఒక్కసారే. రెండోసారి గుర్తుచేయడం మర్యాద కాదనుకునేదాన్ని.

సత్యరాజు ఇస్నాపూర్ అవతల ఒక కంపెనీలో స్టోర్సు హెల్పరు. ఆ కంపెనీ పేరు చెప్పను, చెబితే నోరు పుక్కిలించుకోవాలి. పద్నాలుగేళ్ళు అందులో గొడ్డులా పనిచేశాడు. అక్కడ తుక్కు లారీ బయటికి వెళ్ళాలంటే గేటు పాసు కావాలి. దాని మీద స్టోర్సు మనిషి సంతకం, గేటు దగ్గర సెక్యూరిటీ ముద్ర. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు వదులుతారు, రెండూ పదికి కంపెనీ బస్సు కదిలిపోతుంది. అది తప్పితే ఇస్నాపూర్ దాకా ఎండలో నడకే. అందుకని షిఫ్టు చివర స్టోర్సు ఇన్‌చార్జి శ్రీశైలం ఖాళీ పాసుల పుస్తకం చాపితే, అందరూ సంతకాలు గీకేసి బస్సుకి పరిగెత్తేవారు. ఒకరు కాదు, స్టోర్సులో అందరూ చేసే పనే అది. సత్యరాజూ చేశాడు. అలాంటి ఒక ఖాళీ పాసు మీద, తుక్కు కింద దాచిన రాగి కేబుల్ చుట్టలు లారీ ఎక్కి దర్జాగా గేటు దాటిపోయాయి.

ఉరిమి ఉరిమి మంగలం మీద పడింది. సంతకం ఎవరిది? సత్యరాజుది. ఇంకేముంది! పోలీసుల దాకా పోతే కంపెనీ పరువు పోతుందట, అందుకని కేసు పెట్టలేదు. పనిలోంచి తీసేశారు. తీసేసి ఊరుకున్నారా? గేటు పక్కన సెక్యూరిటీ గది అద్దాల బోర్డులో అతని ఫొటో పెద్దది చేసి అంటించారు. కింద ఎర్ర అక్షరాలతో, ‘దొంగతనం చేసిన వ్యక్తి, లోపలికి రానివ్వరాదు’ అని. మూడు షిఫ్టుల జనం, లారీ డ్రైవర్లు, పక్క కంపెనీల కాంట్రాక్టర్లు, టీ కొట్టు వాళ్ళు, అందరూ రోజూ చూసేవారు. ఇక ఆ చుట్టుపక్కల ఎవడు పని ఇస్తాడు?

సత్యరాజు ఇంట్లో కూర్చున్నాడు. చర్చికి పోవడం మానేశాడు. గడ్డం పెంచాడు. నేను కిందికి వెళితే లోపలి గదిలోకి తప్పుకునేవాడు. ఒకసారి తలుపు సందులోంచే గట్టిగా మందలించాను.

“ఏమయ్యా, ఎన్నాళ్ళిలా? తప్పు చేయనప్పుడు తలెత్తుకుని తిరగాలి గానీ!”

“తల ఎత్తితే ఏం గనవడ్తదమ్మా, మొకమేనాయె. నా మొకం ఆ గేటు మీద ఉన్నంత కాలం ఈ మొకం ఎవలకు సూపియ్య” అన్నాడు.

అదీ సంగతి. ఆ ఫొటో దిగితే మనిషి బయటికొస్తాడు, దిగకపోతే ఆ గదిలోనే అయిపోతాడు. సుకుమారికి కావలసింది ఆ ఒక్కటే.

ఆమె ఒక మందుల కంపెనీలో మాత్రలు ప్యాకింగు చేస్తుంది. ఆరున్నరకి డ్యూటీ. షేర్ ఆటోలో పోయేటప్పుడు ఆ గేటు దారిలోనే వస్తుంది. ఫొటో పెట్టిన వారం నుంచే ఆమె అయిదూ నలభైకి అక్కడ దిగిపోయి, గేటుకి ఎదురుగా నిలబడి, కొంగు నెత్తిన కప్పుకుని ఆరింటి సైరన్ కూసేదాకా ప్రార్థన చేసేది. మనసులో కాదు, పైకే. షిఫ్టు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు ఆమె పక్క నుంచే పోవాలి. కొందరు నవ్వేవారు. బీహార్ కుర్రాళ్ళు మాత్రం “దీదీ, నమస్తే” అని దండం పెట్టి లోపలికి పోయేవారట.

నాకు నమ్మకం కుదరక, శ్రావణంలో ఒకరోజు నేనూ వెళ్ళాను. మా ఆయన మంచం మీంచే, “కందకు లేని దురద కత్తిపీటకెందుకే?” అన్నారు. “కాస్త దురద ఉన్న కత్తిపీటే నయం, మీలా తుప్పు పట్టదు” అని చెప్పులేసుకున్నాను.

వాన ముసురు పట్టి ఉంది. గొడుగు నేను పట్టుకున్నాను, ఆమెకి చేతులు ఖాళీ లేవు, జోడించి ఉన్నాయి. ప్రార్థన అంటే నేనేదో ‘దయగల తండ్రీ’ అంటూ మెత్తగా సాగుతుందనుకున్నాను. ఓరి దేవుడా!

“నాయినా, ఇయ్యాల నూటముప్పై రెండో దినం. సూస్తున్నవా, నిద్రపోతున్నవా? నా పెనిమిటి పుల్ల ముక్క ఎత్తుకపోయేటోడు కాదని నీకు ఎరికే. నీకు ఎరికున్నంక నాకేం భయం? ఆ బోర్డు మీదికెల్లి ఆ ఫొటో దింపు. నువ్వు దింపేదాంక నేను నిన్ను ఇడిసిపెట్ట!”

లోపలి నుంచి హెచ్చార్ ఆఫీసరు పవన్‌కుమార్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెళ్ళో కార్డు.

“అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి? ఇది కంపెనీ స్థలం. ఇక్కడ నిలబడకూడదు.”

సుకుమారి కళ్ళు తెరిచి కిందికి చూసింది. రెండడుగులు వెనక్కి వేసింది.

“ఇప్పుడు రోడ్డు మీదున్న సార్. రోడ్డు సర్కారుది” అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

అతను గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి వైపు తిరిగి, “కొమురయ్యా, ఈమెని పంపించెయ్” అని లోపలికి పోయాడు. కొమురయ్యకి యాభై అయిదేళ్ళుంటాయి, ఖాకీ చొక్కా, చేతిలో కర్ర. వచ్చి “పో చెల్లె, పో, మాకెందుకు తిప్పలు” అని గొణిగాడు గానీ, ఆమె మొహంలోకి చూడలేదు. కర్రతో నేల మీద గీతలు గీసుకుంటూ నిలబడ్డాడు.

ఆమె డ్యూటీకి పోయే ఆటోలో నేనూ ఎక్కాను. ఇక ఆగలేకపోయాను. “దేవుడితో అలా మాట్లాడొచ్చా? నిన్ను ఇడిసిపెట్ట అంటావేమిటి, అప్పులవాడిలా!”

“అయ్యతోటి మాట్లాడకపోతే ఎవలతోటి మాట్లాడాలె కమలమ్మా? యేసయ్యనే చెప్పిండు కథ. ఓ ఊర్ల ఓ జడ్జి ఉండెనంట. దేవునికి భయపడడు, మనిషిని లెక్క జెయ్యడు. మొగడు సచ్చిన ఓ ఆడామె దినాం పోయి నాకు న్యాయం జెయ్యి, నాకు న్యాయం జెయ్యి అని సతాయించేది. ఆమె పోరు పడలేక జేసిండు. గసొంటోడే జేస్తే, కన్నతండ్రి జెయ్యడా?”

“ఇంతకీ నీ కథలో ఆ జడ్జి ఎవరు? దేవుడా, కంపెనీయా?”

“కంపెనీ. దేవుడు నా దిక్కే ఉన్నడు. ఇద్దరికీ ఒక్కపాలే ఇనవడ్తదని గేటుకాడ నిలవడ్త” అని నవ్వింది. ఆమె నవ్వగా చూసి చాలా నెలలైంది.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ, అడిగి అడిగి అమ్మ ప్రాణం తీసేవాళ్ళని మా ఊళ్ళో మొండిఘటాలనేవారు. ఇది అసలు సిసలు మొండిఘటం.

చర్చిలోనూ గొడవే. వాళ్ళకొక ఆనవాయితీ ఉంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఎవరి కష్టం వాళ్ళు చీటీ మీద రాసి పెట్టెలో వేస్తే, పాస్టరుగారు ఒక్కొక్కటి చదివి అందరితో ప్రార్థన చేయిస్తారు. సుకుమారి ప్రతి శుక్రవారం అదే చీటీ వేసేది. కొన్నాళ్ళకి ‘ఆ, సుకుమారమ్మది కూడా’ అని మాత్రం అనేవారట చదవకుండా. ఇంకొన్నాళ్ళకి అది కూడా లేదు. చదివేదాకా ఆమె లేచి నిలబడే ఉండేది.

కార్తీకంలో వాళ్ళ కోతపండుగకి నన్ను పిలిచింది. చర్చి ముందు పందిరి వేసి, వడ్ల గంపలు, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు తెచ్చి ముందు పెట్టారు. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పమన్నారు. దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెప్పి కృతజ్ఞత చెల్లించాలి. ఇద్దరు ముగ్గురు చెప్పారు. అప్పుడు పాస్టరుగారు సుకుమారిని పేరు పెట్టి పిలిచారు. చెడ్డాయన కాదు, మెత్తటి మనిషి, ఆమె బాధ చూడలేకే అన్నారనుకుంటాను.

“సుకుమారమ్మా, ఎనిమిది నెలల నుంచి అదే చీటీ. అడిగినదే మళ్ళీ మళ్ళీ అడిగితే విశ్వాసం లేనట్టు. దొరికిందని నమ్మి, ఈరోజే సాక్ష్యం చెప్పు. మీ ఆయన నింద తొలగిపోయిందని అందరి ముందు స్తోత్రం చెయ్యి.”

సుకుమారి లేచింది.

“తొలగలే అయ్యగారూ. పొద్దుగాలనే సూసొచ్చిన. ఫొటో బోర్డు మీదనే ఉన్నది. దిగందాన్ని దిగిందని ఎట్ల చెప్పాలె? పందిరి కింద కూసున్నోళ్ళను మోసం జేస్తనేమో గని, పైనున్నోన్ని జేయగల్గుతనా? నా పెనిమిటి మీద అబద్ధం పడ్డదనే గద నేను ఏడ్సేది! ఇప్పుడు నేను ఇంకో అబద్ధం చెప్పి దేవునికే అంటగట్టాల్నా? విశ్వాసం ఉన్నది గనుకనే అడుగుతున్న. లేకుంటే ఎప్పుడో ఇంట్ల పండుకునేదాన్ని. దిగిననాడు దిగిందని చెప్త. అందాంక అడుగుత!”

వెనక వరసలో మొగులమ్మ అనే ముసలామె ఒక్కతే “ఆమెన్!” అని కేక పెట్టింది. పాస్టరుగారు చెయ్యి చాపి, “ఆ చీటీ ఇటివ్వమ్మా, చదువుతాను” అన్నారు. మొత్తం చదివారు. నేను పరాయిదాన్ని, ఆ పందిట్లో నాకేం పని? అయినా నా కళ్ళెందుకు చెమ్మగిల్లాయో నాకే తెలీదు.

చలికాలం పోయింది, ఎండాకాలం వచ్చింది. ఏడాది దాటింది. నిజం చెప్పొద్దూ, నాకే విసుగొచ్చింది. “ఇక ఆపవే తల్లీ, ఎక్కడికైనా పోయి బతకండి” అన్నాను. “ఎక్కడికి పోయినా ఆ మొకం ఈడనే ఉంటది గదమ్మా” అంది.

వైశాఖంలో ఒక ఆదివారం, మిట్టమధ్యాహ్నం. నేను మేడ మీద వడియాలు పెడుతున్నాను. కింద గేటు చప్పుడైంది. చూస్తే కొమురయ్య. ఖాకీ లేకుండా, మాసిన పంచెలో. నేను దిగివచ్చేసరికి నల్లా దగ్గర నిలబడి ఉన్నాడు, గడప దగ్గరికి రాడు. సుకుమారి కుర్చీ వేస్తే కూర్చోడు.

“చెల్లె, నువ్వు దినాం అచ్చి నిలవడ్తుంటే, తిడ్తదేమో, శపిస్తదేమో అని ఇనుకుంట ఉండేటోన్ని. తిట్టినా పడ్తుంటి. శపించినా పడ్తుంటి. మొన్న మంగళవారం నువ్వేమన్నవు? ‘ఈ గేటు కాసే కొమురయ్యన్న ఎండకు ఎండుతుండు, ఆయనను సల్లగ సూడు’ అన్నవు. ఆనాటి నుంచి నాకు బువ్వ దిగుతలేదు.”

“గంత మాటకేనా అన్నా?” అంది సుకుమారి, అర్థంకాక.

“ఆ లారీని ఇడిసింది నేనే. శ్రీశైలం సారు ఆ ఖాళీ పాసు నా కండ్ల ముందటనే నింపిండు. టార్పాలిన్ తీస్తనంటే, ‘తుక్కే, జల్దీ ముద్రెయ్యి’ అన్నడు. రాగి అంచు నాకు గనవడ్డది చెల్లె. నా నౌకరి పోతదని నోరు మూసుకున్న. నీ పెనిమిటికి ఏం ఎరికలేదు.”

లోపలి గది తలుపు ధడేల్మంది. సత్యరాజు బయటికొచ్చాడు, పద్నాలుగు నెలల్లో నేను అతన్ని వెలుతుర్లో చూడటం అదే మొదలు. గడ్డం సగం నెరిసిపోయింది.

“పద్నాలుగు నెలలు! నా మొకం ఆడ వేలాడుతుంటే దాని పక్కనే కుర్సీ ఏసుకోని కూసున్నవా?” అని మీదికి పోయాడు. కొమురయ్య కదల్లేదు, చేతులైనా అడ్డు పెట్టుకోలేదు. సుకుమారి మధ్యలో దూరి భర్త రెండు చేతులూ పట్టుకుంది. పట్టుకుని అక్కడే, నల్లా గట్టు మీద కూలబడి బావురుమంది. ఇన్నాళ్ళూ రాయిలా ఉన్న మనిషి అలా ఏడుస్తుంటే నా గుండె తరుక్కుపోయింది.

ఏడుపు ఆపుకుని, ముక్కు చీదుకుని, మొదట అడిగిన మాట ఇది: “అన్నా, గీ మాట రేపు పవన్‌కుమార్ సార్ ముందర చెప్తవా?”

“చెప్పనీకే గదా నీ తాన ధైర్నం తీసుకపోదామని వచ్చిన.”

చెప్పాడు. సోమవారం పొద్దున అందరి ముందు చెప్పి, కాగితం మీద వేలిముద్ర కూడా వేశాడు. అది చూసి స్టోర్సు వాళ్ళు ఆరుగురు, మేమూ ఖాళీ పాసుల మీదే సంతకాలు పెట్టేవాళ్ళమని ముందుకొచ్చారు. కంపెనీకి ఇక మింగలేక కక్కలేక అయింది. శ్రీశైలాన్ని గుట్టుచప్పుడు కాకుండా వేరే యూనిట్‌కి పంపారు. సత్యరాజు తప్పేమీ లేదని ఉత్తరం ఇచ్చారు, గురువారం ఉదయం షిఫ్టుకి రమ్మన్నారు. ఫొటో దించేశారు. దించేటప్పుడు సుకుమారి అక్కడే నిలబడి చూసిందట. ఆ కాగితాన్ని నలపనివ్వకుండా అడిగి తీసుకుని, పొయ్యిలో వేసి, దాని మంట మీద భర్తకి టీ కాచిపెట్టింది. మనిషంటే అలా ఉండాలి!

బుధవారం నేను పరమాన్నం వండి కిందికి తీసుకెళ్ళాను. సత్యరాజు గడ్డం గీయించుకుని, యూనిఫారం ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నాడు. గిన్నె ఇంకా కింద పెట్టలేదు, సుకుమారి ఫోన్ పెట్టేసి చెప్పింది. కొమురయ్యని తీసేశారట. లారీని తనిఖీ చేయకుండా వదిలినందుకు. ముద్ర వెయ్యమన్న శ్రీశైలానికి వేరే యూనిట్, ముద్ర వేసిన ముసలివాడికి ఇల్లు! ఓరి వీళ్ళ దుంపతెగ, నిజం చెప్పినవాడికా శిక్ష?

“నేను పొద్దుగాల పోత గేటుకాడికి” అంది సుకుమారి.

సత్యరాజు విసురుగా చూశాడు. “ఎవని కోసం? వాని కోసమా? నేను సచ్చిన శవం లెక్క పడి ఉంటే సూసుకుంట ఉన్నడు వాడు!”

“ఉన్నడు. కాదంటలేను. గని నోరు తెరిచినోనికే గీ శిక్ష పడితే, ఇంకోపాలి ఎవడు తెరుస్తడయ్యా?”

అతను పరమాన్నం ముట్టకుండా లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. నాకు కోపం వచ్చింది, ఆమె మీదే. “దేవుడు నీది తీర్చాడు కదే, ఇక ఊరుకోరాదూ? రేపే పనిలో చేరే మొగుడు, వాళ్ళతో మళ్ళీ పేచీ పెట్టుకుంటావా?” అన్నాను. “ఊకుంట కమలమ్మా, అది అయినంక” అంది. ఏది అయ్యాకో నేను అడగలేదు, నాకు తెలుసు కనక.

గురువారం పొద్దున్నే చెప్పులేసుకుని నేనూ ఆటో ఎక్కాను. మా ఆయన ఈసారి టార్చిలైటు తెచ్చి చేతికిచ్చారు. సత్యరాజు మా కంటే ముందే కంపెనీ బస్సులో వెళ్ళిపోయాడు, భార్యతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా.

గేటు దగ్గర బోర్డు ఖాళీగా ఉంది. కొమురయ్య కుర్చీలో ఎవరో కొత్త మనిషి. సుకుమారి రోడ్డు అంచున నిలబడి కొంగు కప్పుకుంది. నేను పక్కన నిలబడ్డాను. నాకు వాళ్ళ ప్రార్థన రాదు, చేతులు మాత్రం జోడించాను. బస్సు దిగిన జనం మమ్మల్ని చూసుకుంటూ లోపలికి పోతున్నారు. ఆ జనంలోంచి యూనిఫారం వేసుకున్న సత్యరాజు గేటు దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరిగాడు. వచ్చి సుకుమారికి అటువైపు నిలబడి టోపీ తీశాడు.

ఆరింటి సైరన్ కూసింది. అతను కదల్లేదు.

పవన్‌కుమార్ బయటికొచ్చాడు. “సత్యరాజూ! మొదటి రోజే లేటా? లోపలికి రా.”

“వస్త సార్. ప్రార్థన అయినంక” అన్నాడు సత్యరాజు. తల దించలేదు.

పవన్‌కుమార్ సుకుమారి వైపు తిరిగాడు. “ఫొటో తీసేశాం కదమ్మా! ఉత్తరం ఇచ్చాం, ఉద్యోగం ఇచ్చాం. ఇంకా ఏం కావాలి మీకు?”

“అది మాది సార్, దొరికింది. ఇది కొమురయ్యన్నది.”

“ఇంకెన్ని రోజులు నిలబడతారిలా?”

“అది మీకే ఎరుక సార్, మీరెన్ని రోజులు నిలవెడ్తరో” అని సుకుమారి కళ్ళు మూసుకుని, కొమురయ్య పేరుతో మొదలుపెట్టింది.